వేలంపాటలో ఫొటో మాస్టారి కెమెరా

బట్టల ఫ్యాక్టరీలో ఆవిడది చెకింగ్ పని. కుట్టి వచ్చిన చొక్కాని బల్లమీద పరిచి, కాలరు దగ్గర మొదలుపెట్టి కింది అంచుదాకా కళ్లతో, వేళ్లతో తడిమి, కుట్టు తప్పిన చోటల్లా ఎర్ర స్టిక్కరు అంటించాలి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. అందుకేనేమో, దేన్ని చూసినా అందులో ఏం చెడిందో, ఏం చెడబోతోందో అదే ముందు కనిపిస్తుంది ఆవిడకి. తోటివాళ్లు ముద్దుగా స్టిక్కరక్క అంటారు.

అసలే పిరికి మనిషి. దానికి తోడు రెండేళ్ల కిందట, కరెంటు ఆఫీసు నుంచి అంటూ ఒకడు ఫోన్ చేసి, తియ్యతియ్యగా మాట్లాడి, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. అప్పట్నుంచీ తెలియని నంబరు మోగితే చాలు, ఫోన్‌ని దిండు కిందకి తోసి, మోత ఆగేదాకా గది బయట నిలబడేది.

అలాంటి మనిషిని పట్టుకుని మొగుడు ఒకరోజు, "నా కెమెరా అమ్మేద్దామే," అన్నాడు.

ఆయన ముప్ఫై ఏళ్లు స్టూడియో నడిపాడు. అందరికీ ఫొటో మాస్టారు. నీటికాసులొచ్చి రెండు కళ్లూ దాదాపు పోయాయి. వెలుతురుకి ఎదురుగా మనిషి నిలబడితే ఆకారం తెలుస్తుంది, అంతే. స్టూడియో మూసేసినా, రీలు వేసుకుని తీసే ఆ పాత కెమెరాని మాత్రం బీరువాలో దాచుకున్నాడు. వారానికోసారి బయటికి తీసి, చెవి దగ్గర పెట్టుకుని షట్టరు నొక్కేవాడు.

"ఇప్పుడేమంత తొందరొచ్చింది?" అందావిడ.

"షట్టరు బిగుసుకుంటోందే. చప్పుడులో తెలుస్తోంది. ఇలా బీరువాలో ఉంటే ఇంకో ఏడాదికి చచ్చిపోతుంది. ఎవరైనా వాడేవాళ్ల చేతిలో పడనీ."

బజారులో అడిగితే ఇనప సామాన్ల ధర చెప్పారు. అప్పుడు మేనకోడలు, ఆవిడ అన్నకూతురు, ఒక మాట చెప్పింది. పాత వస్తువుల్ని ఫోన్లోనే వేలానికి పెట్టే చోటొకటి ఉందట. ఫొటోలు పెడితే చాలట, కావలసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పాట పాడతారట. డబ్బు ముందు వేలం కంపెనీ దగ్గరే ఉంటుందట, సరుకు బాగా చేరిందని కొన్నవాళ్లు ఒప్పుకున్నాక మనకి ఇస్తారట.

"ఊరూ పేరూ లేనివాడికి మన అడ్రస్ ఇవ్వాలా?" అంది స్టిక్కరక్క.

"పార్సిల్ మీద రాయాలిగా అత్తా!"

మూడు రోజులు నానబెట్టి, చివరికి గుండె చిక్కబట్టుకుని ఒప్పుకుంది. కెమెరాని చొక్కాలాగే బల్లమీద పెట్టి చూసింది. లెన్సు ముందు అంచుకి చిన్న సొట్ట, తోలు పట్టీకి రెండు పగుళ్లు, అడుగున మూడు గీతలు. ఇలా పదకొండు లోపాలు వరసగా రాసింది. లెన్సు చుట్టూ చెక్కిన నంబరు కూడా కనబడేలా ఫొటో తీసింది.

మేనకోడలు చదివి పడీపడీ నవ్వింది. "అమ్ముతున్నావా అత్తా, తిట్టిపోస్తున్నావా?"

"రేపు ఎవరూ మాట అనకూడదు కదే," అంది. బటన్ నొక్కేటప్పుడు వేలు వణికి రెండుసార్లు పక్కన పడింది.

వేలం ఏడు రోజులు. మొదటి రెండు రోజులూ ఉలుకూ పలుకూ లేదు. మూడోనాడు, భోజన విరామంలో లాకరు తెరిచి ఫోన్ చూస్తే ఎవరో పాట పెట్టారు. ఇంకెవరో పెంచారు. సాయంత్రానికి ఆవిడ అనుకున్న ధరని దాటేసింది. వేరే మనిషైతే ఎగిరి గంతేసేది. ఆవిడకి మాత్రం ముచ్చెమటలు పోశాయి.

"ఏవండీ, ఈ డొక్కు కెమెరాకి ఇంత ఎందుకు పెడుతున్నారు? ఇందులో ఏదో మోసం ఉంది."

"డొక్కు అనకే, దానికి చెవులున్నాయి," అన్నాడాయన. "నా పెళ్లిలో నేను పాడితే ఒక్కడూ కూర్చోలేదు. ఇప్పుడు నా కెమెరా కోసం ఊళ్లకి ఊళ్లు పాడుతున్నాయి. పాడనీ."

ఏడో రోజు పాట ముగిసింది. గెలిచినవాడు డబ్బు కట్టాడు. కెమెరాని పాత దుప్పటి ముక్కల్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, నాలుగు వైపులా టేపు వేసి కొరియర్‌లో ఇచ్చేసింది. పెట్టెమీద తన అడ్రస్ రాస్తుంటే మాత్రం, ఇంటి తాళంచెవిని నడివీధిలో వదిలేసినట్టనిపించింది.

ఐదో రోజున సందేశం వచ్చింది. అప్పటికి పొయ్యిమీద కూర ఉడుకుతోంది.

"లెన్సు నిండా బూజు ఉంది. మోసం చేశారు. కెమెరా నేను ఉంచుకుంటాను, సగం డబ్బు వెనక్కి ఇవ్వండి. ఇవ్వకపోతే పోలీసు కేసు పెడతాను."

కింద ఒక ఫొటో. లెన్సు అద్దం లోపల తెల్లటి సాలెగూడులాంటి మరకలు. ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. కూర మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడిపోయింది.

మొగుడికి చెప్పలేదు. తన కళ్లే మోసపోయాయేమో, బూజుని తనే చూడలేదేమో అని ఆవిడ భయం. పద్దెనిమిదేళ్ల చెకింగ్ ఒక్క దెబ్బకి మంటగలిసిపోయినట్టుంది. మర్నాడు ఫ్యాక్టరీలో చేతికొచ్చిన ప్రతి చొక్కానీ మూడేసిసార్లు చూసింది. బాగున్నవాటికి కూడా స్టిక్కర్లు వేసింది. సూపర్‌వైజరు వచ్చి, "ఏంటక్కా, ఇవాళ అన్నీ రోగిష్టి చొక్కాలేనా?" అన్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం రెండో సందేశం వచ్చింది. "మీ అడ్రస్ నా దగ్గరుంది. జవాబు ఇవ్వకపోతే మనిషిని పంపిస్తాను."

ఇంక ఆగలేక మొగుడి పక్కన కూలబడి అంతా వెళ్లగక్కింది. అడిగినంతా ఇచ్చేసి వదిలించుకుందాం అంది. ఇల్లు మారిపోదాం అంది. తనని జైల్లో పెడితే ఆయనకి కళ్లలో మందు ఎవరు వేస్తారని ఏడ్చింది.

ఆయన అంతా విని, "బూజా!" అన్నాడు. "నెలనెలా నేను తుడిచిన అద్దం అది. ఏదీ, వాడు పంపిన ఫొటోలో ఏముందో చెప్పు."

"మరకలు..."

"మరకలు కాదే. అంచు చెప్పు. సొట్ట ఎక్కడుంది?"

ఆవిడ కళ్లు తుడుచుకుని ఫొటోని పెద్దది చేసింది. అంచు చుట్టూ వేలితో జరుపుకుంటూ వెళ్లింది, కాలరు చుట్టూ వెళ్లినట్టు. సొట్ట లేదు. మళ్లీ చూసింది. లేదు. లెన్సు చుట్టూ ఉన్న అంకెల్లో మొదటి సగమే కనబడుతోంది. వాటిని తను పెట్టిన ఫొటో పక్కన పెట్టి చూసింది. తనది ఏడుతో మొదలవుతుంది. వాడిది రెండుతో.

"ఏవండీ," అంది. "ఇది మనది కాదండీ."

"మనది కాదని నాకు తెలుసు. ఆ మాట వాళ్లకి రాయి."

వేలం కంపెనీకి ఫిర్యాదు రాయడానికి గంటన్నర పట్టింది. రెండు ఫొటోలూ జతచేసి, తేడా ఉన్న చోట ఎర్ర గీత గీసి పంపింది. పంపాక ఇంకా భయమేసింది. వాడికి కోపమొస్తుంది. మనిషిని పంపుతానన్నాడు కదా.

ఆ వారమంతా కాలు గాలిన పిల్లిలా తిరిగింది. ఫ్యాక్టరీ నుంచి రోజుకో సందులోంచి ఇంటికొచ్చింది. వెనక బండి చప్పుడైతే ఏదో ఒక కొట్లోకి దూరి, అక్కర్లేని సబ్బులు కొనుక్కొచ్చింది. కిటికీ పరదాలు తియ్యలేదు. "నాకెలాగూ చీకటే, నీకెందుకే?" అన్నాడు మాస్టారు. ఆయన నవ్వులో కూడా కొంచెం బెదురు వినబడింది.

శనివారం పొద్దున్న తలుపు దబదబా మోగింది.

ఆవిడ తలుపు కన్నంలోంచి చూసింది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి. భుజం వెడల్పు తలుపంత ఉంది. చేతిలో ఏముందో కనబడలేదు. అక్కడే గోడకి అతుక్కుపోయి, మొగుడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఊపిరి బిగబట్టింది. అవతల మనిషి మళ్లీ కొట్టాడు. ఏదో గొణుక్కున్నాడు. తలుపు కిందనుంచి ఒక కాగితం లోపలికి జారింది. మెట్లు దిగిన చప్పుడు.

ఆ కాగితం ముట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది. బెదిరింపు కాదు. కొరియర్ చీటీ. "పార్సిల్ వచ్చింది. మీరు ఇంట్లో లేరు. ఆఫీసుకు వచ్చి తీసుకోగలరు."

మాస్టారు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆవిడ కూడా నవ్వబోయి ఏడ్చేసింది.

ఫోన్ తెరిస్తే కంపెనీ జవాబు ముందురోజే వచ్చి ఉంది. భయంతో ఆవిడ చూడనేలేదు. రెండు ఫొటోల్లోవీ వేరువేరు లెన్సులని వాళ్లు తేల్చారు. వేలంలో చూపించిన నంబరున్న కెమెరానే తిప్పి పంపాలని, లేకపోతే డబ్బు అమ్మినవాళ్లకే వెళ్తుందని వాడికి చెప్పారు. వాడు తోక ముడిచి అప్పుడే పంపించేశాడట.

కొరియర్ ఆఫీసు నుంచి పార్సిల్ తెచ్చుకుని, సాక్ష్యానికి మేనకోడలు వీడియో తీస్తుండగా పెట్టె విప్పారు. లోపల రాళ్లుంటాయనే ఆవిడ చివరిదాకా నమ్మింది. మాస్టారు చెయ్యి పెట్టి, అంచు తడిమి, సొట్ట దగ్గర బొటనవేలు ఆపాడు. చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు.

"మనదే," అన్నాడు. "షట్టరు మాత్రం ఇంకా బిగుసుకుంది."

ఆ మాట ఆవిడని రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. మూడో రోజు ఆవిడే కెమెరాని మళ్లీ వేలానికి పెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఈసారి పన్నెండో లోపం కూడా రాసింది: షట్టరు బిగుతుగా ఉంది, వాడేవాళ్లే కొనాలి. పాట మొదటిసారంత పెరగలేదు. కొన్నది కెమెరాలు బాగుచేసే ఒక ముసలాయన. సరుకు అందిందని ఒక్క ముక్క రాశాడు. ఆ ముక్క తెరవడానికి ఆవిడకి ఒక పూట పట్టింది.

తర్వాత స్టూడియో స్టాండూ, లైట్లూ, నల్లగుడ్డా ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ఫ్యాక్టరీలో తోటివాళ్లు తమ పాత కుక్కర్లూ, పిల్లల సైకిళ్లూ పట్టుకుని ఆవిడ దగ్గరికే వస్తున్నారు. ధైర్యం వచ్చిందా అక్కా అని ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపుతుంది. పోయిన వారం బటన్‌హోల్ మిషనావిడ ఇస్త్రీపెట్టెని ఆవిడ చేత వేలానికి పెట్టిస్తూ, "మీ వేలెందుకక్కా అలా వణుకుతోంది, నాది కదా వస్తువు?" అంది.

"వణకనీలే," అంది స్టిక్కరక్క, "ముందు ఆ వైరు కాలిన చోటు ఫొటో తియ్యి."