మా కవల పెయ్య

మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ జంట అరటిపండు ముట్టరు. రెండు పళ్ళు ఒకే తొక్కలో అతుక్కుని పండితే, అది తిన్నవాళ్ళకు కవలలు పుడతారని భయం. పెరట్లో చక్కెరకేళి గెల దింపిన రోజున మామ్మ పళ్ళ అత్తాలన్నీ తిప్పి చూసి, జంటపళ్ళు విడిగా తీసి, నా చేతిలో పెట్టేది.

"ఆవుకి పెట్టేసి రావే. దారిలో నోట్లో వేసుకునేవు!"

అప్పటికే నాకు పెళ్ళయింది. ఇంకా కాపురానికి వెళ్ళలేదు. అందుకని ఆ పళ్ళ వాసన కూడా నాకు తగలకూడదని అమ్మ అనుకునేది. చెయ్యి బారుగా చాచి, మొహం పక్కకు తిప్పుకుని పశువుల పాక దాకా తీసుకెళ్ళేదాన్ని. మా ఎర్రావు తొక్కతో సహా నమిలి, నా అరచెయ్యి నాకేది. ఆ ఏడు అది చూడిగా ఉంది. అయినా ఆవు విషయంలో ఆ భయం మాలో ఒక్కరికీ తట్టలేదు.

ముసురు పట్టిన ఒక ఉదయం అది ఈనింది. కోడెదూడ పుట్టిందని మా పాలికాపు వచ్చి చెప్పి వెళ్ళాడు. మామ్మ జున్నుకి బెల్లం తీస్తూ ఉండగానే మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారండీ, ఇంకోటుందండి!"

"ఇంకోటేంట్రా?"

"దూడేనండి! మళ్ళీ కాళ్ళు కనపడతన్నాయండి!"

రెండోది పెయ్య. తల్లి రంగే, నుదుట తెల్లని మచ్చ. అందరం వానలో తడుస్తూ పాకలో నిలబడి చూస్తున్నాం. మామ్మ నా వైపు తిరిగింది.

"ఎన్ని పళ్ళు పెట్టేవే దానికి?"

"నువ్విచ్చినవే కదా మామ్మా."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. గోడ మీదుగా తొంగి చూస్తున్న పక్కింటి అత్తయ్యగారు ఊరుకోలేదు. "ఆవు కాబట్టి సరిపోయిందమ్మా. అదే మీ అమ్మాయి తినుంటే, అల్లుడుగారు ఏ ఊరు పారిపోయేవారో!" నేను సిగ్గుతో ఆవు వెనక్కి నక్కాను.

కవలల్లో పుట్టిన పెయ్య తానూ కవలలనే ఈనుతుందని మామ్మ ఆ రోజే తేల్చేసింది. పెయ్యను తుడుస్తూ నాతో అంది: "ఇది నీదే. నువ్వు కాపురానికెళ్ళే వేళకి ఇదీ ఈంతుంది. తువ్వాయిల్ని వెంటేసుకుని నీతో పడవెక్కుతుంది."

మామ్మ ఏదో మురిపెంగా అన్న మాటే కావచ్చు. నేను మాత్రం దాన్ని గట్టిగా పట్టుకున్నాను. మా అత్తవారిది రాజోలు వైపు, గోదావరి పాయ దాటి వెళ్ళాలి. అక్కడ నాకు తెలిసినవాళ్ళు లేరు. కొత్త మనిషి ఎదురైతే నాకు మాటే వచ్చేది కాదు. మధ్యాహ్నం వేళ మామ్మకు పురాణం చదివి వినిపించేదాన్ని గాని, వాకిట్లోకి ఎవరైనా వస్తే చదువు ఆపి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అలాంటి నాకు, నన్ను ఎరిగిన ప్రాణి ఒకటి తోడు వస్తుందంటే పెద్ద ధైర్యం. నేను రోజూ రాసుకునే కాగితాల్లో ఆ రోజు ఒకే మాట రాసుకున్నాను: నాతో పాటు పెయ్య వస్తుంది.

ఎర్రావు పాలు రెండు దూడలకీ చాలలేదు. మామ్మ ముందు పెయ్యను వదిలేది. అది పొట్ట నిండా తాగి పక్కకు వచ్చాకే కోడెదూడకు పొదుగు. అప్పటికి అందులో మిగిలేది ఏమీ ఉండదు. దాన్ని పాక చివర రాటకు కట్టేవారు. పెయ్య చప్పరిస్తున్న చప్పుడు వినపడగానే అది పలుపు తెంపుకోబోయేది. నేను వెదురు గొట్టంతో గంజి పోసేదాన్ని. రెండు గుక్కలు మింగి, మిగిలింది నా చీర మీదే వదిలేది. ముసురు పూర్తిగా వెలవకముందే చచ్చిపోయింది.

"ఎద్దవ్వాల్సినోడండి," అన్నాడు పాలికాపు దాన్ని భుజాన వేసుకుంటూ.

ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. పాలు చాలని ఇంట్లో పెయ్యనే బతికించుకుంటారు, ఏ ఊళ్ళోనైనా అంతే.

పెయ్య ఏపుగా పెరిగింది. దాన్ని చూడడానికి మండపేట నుంచి కూడా మనుషులు వచ్చారు. ఒకాయన దానికి మారుగా పాడిగేదెను ఇస్తానన్నాడు.

"గేదె కాదు కదా నాయనా, పడవ నిండా వడ్లు పోసినా ఇవ్వం," అంది మామ్మ. "అది మా మనవరాలిది."

దాని ఈడు పెయ్యలు ఎదకు వచ్చాయి, చూలు కట్టాయి, ఈనాయి కూడా. ఇది మాత్రం ఏ ఋతువులోనూ ఒక్కసారైనా ఎదకు రాలేదు. మెడ లావెక్కింది. నుదురు వెడల్పయింది. కొమ్ములు కోడె కొమ్ముల్లా మొద్దుగా తిరిగాయి. పొదుగు ఉండవలసిన చోట రేగుగింజలంత చన్నులు నాలుగు. మామ్మ ఉలవలు నానబెట్టి మొలకలు పెట్టింది, మెంతులు పెట్టింది, ఐనవిల్లి వినాయకుడికి మొక్కుకుంది. చివరికి దాన్ని లంకలో మేసే ఆబోతు దగ్గరికి తీసుకెళ్ళమని పాలికాపుకు చెప్పింది. అతను పొద్దున్నే దాన్ని బల్లకట్టు మీద రేవు దాటించి, పొద్దువాలే వేళకు తిరిగి వచ్చాడు.

"ఏమైందిరా?"

"ఏమీ అవలేదండి. ఆబోతు దగ్గిరకొచ్చింది, వాసన చూసింది, గడ్డి మేసుకోడానికెళ్ళిపోయిందండి."

"ఇదేమైనా బెదిరిందా?"

"ఇదెందుకు బెదురుద్దండి? దీన్ని చూసి ఆబోతే మర్యాదగా పక్కకి తప్పుకుందండి."

అరుగు మీద ఉన్న నాన్నగారు పెద్దగా నవ్వారు. మామ్మ నవ్వలేదు.

ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. గేదెనిస్తానన్నాయన దిష్టి అన్నారు. చచ్చిపోయిన తోబుట్టువు ఉసురు అన్నారు. జంటపళ్ళదే దోషమంది మామ్మ. నేను చదివిన పురాణాల్లో ఆవులన్నీ కోరినది ఇచ్చేవే. ఏమీ ఇవ్వలేని ఆవు కథ ఎంత వెతికినా దొరకలేదు. నేను కాపురానికొచ్చిన కొన్నేళ్ళకు మా అత్తవారి పాకలోనూ ఒక ఆవు కోడెనూ పెయ్యనూ కలిపి ఈనింది. ఆ పెయ్యా ఇలాగే మొద్దుమెడ వేసుకుని గొడ్డుగా నిలబడిపోయింది. ఎందుకో నాకు తెలియదు. మా పెయ్య చేసుకున్న పాపమైతే ఏమీ లేదని మాత్రం ఇప్పుడు అనుకుంటాను.

నేను కాపురానికి వెళ్ళడానికి ముహూర్తం పెట్టారు. ఆ రోజు భోజనాల దగ్గర మామ్మే మెల్లగా కదిపింది.

"ఈనకపోతే పోనీ. పిల్లతో పంపేద్దాం. మాటిచ్చేను."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "గొడ్డుటావుని కొత్తకోడలి వెంట పంపుతామా అత్తయ్యగారూ? పడవ దిగగానే వాళ్ళు దాన్ని చూస్తారా, దీన్ని చూస్తారా?"

దీన్ని అంటే నన్ను. ఆ మాట అక్కడితో పోయింది.

అవి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజులు. రాళ్ళ బళ్ళకని మంచి ఎద్దులన్నీ అటు వెళ్ళిపోయాయి. మిగిలినవి దొరకడం కష్టమైపోయింది. మా వీధి చివర కొబ్బరినూనె గానుగ ఆడించే ఆయన ఎద్దు ఆ వేసవిలో పోయింది. ఆయన నాన్నగారి దగ్గరికి వచ్చి, అరుగు కింద నిలబడి, పాక వైపు చూశాడు.

"ఆవుకి కాడెయ్యాలంటే చేతులు రావట్లేదండి. కానండి, ఇది ఎద్దువాటంగా ఉందండి."

మామ్మ లోపలి నుంచే అరిచింది. "ఆవుకి కాడి కట్టిస్తావుట్రా? మన ఇంట్లో ఎప్పుడైనా విన్నామా?"

"ఆవేంటమ్మా?" అన్నారు నాన్నగారు. "అది ఆవూ కాదు, ఎద్దూ కాదు. అతనైతే కడుపునిండా కొబ్బరిచెక్క పెడతాడు. మనం ఊరికే ఎన్నాళ్ళు మేపుతాం? వేరే ఎవరైనా తోలుకుపోతే ఎక్కడికి చేరుతుందో నీకు తెలీదా?"

నాన్నగారు కఠినులు కారు. ఆయన అన్నదాంట్లో అబద్ధమూ లేదు. నేను తలుపు వెనక నిలబడి, చెప్పవలసిన మాట కూర్చుకుంటున్నాను. 'మామ్మకు తోడుగా దాన్ని ఇక్కడే ఉంచండి నాన్నగారూ.' ఇంతే. గానుగాయన వెళ్ళాక మంచినీళ్ళ చెంబు పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను. నాన్నగారు నీళ్ళు తాగి నా మొహంలోకి చూశారు.

"ఏంటమ్మా?"

"ఏం లేదండి."

ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వచ్చేశాను.

మర్నాడు దాన్ని తోలుకెళ్ళారు. అది మారాం చెయ్యలేదు. ముందు నడిచేది పాలికాపు కదా, మేతకే అనుకుని ఉంటుంది. ఆ సాయంత్రం నుంచే గానుగ కిర్రుమని మొదలైంది. ఒకసారి పక్కింటి అత్తయ్యగారితో ఆ వీధిన వెళుతూ చూశాను. కళ్ళకు గంతలు కట్టారు. మెడ మీద కాడి సరిగ్గా అమిరింది. నా వాసన తగిలిందో ఏమో, గానుగ రోలుకు అటు వైపు నుంచి వస్తూ వస్తూ ఆగి, ముక్కు ఎత్తింది. లోపలి నుంచి గానుగాయన నాలుకతో ఒక టక్కు కొట్టాడు. మళ్ళీ నడిచింది. పిలుద్దామనుకున్నాను. పిలిచి ఏం చెయ్యను?

ప్రయాణం రోజున అమ్మ వెండిగిన్నెలో నూనె వెచ్చబెట్టి తెచ్చింది. "నిన్న ఆడించిన నూనె. వాసన చూడు, ఎంత కమ్మగా ఉందో."

మామ్మ నా మాడు మీద నూనె పెట్టి అద్దుతూ అద్దుతూ చెయ్యి ఆపేసింది. తర్వాత "చల్లగా ఉండు" అని దీవించి, మిగిలిన నూనె కూడా పోసింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

పడవలో ఎండకు ఆ నూనె కణతల మీదుగా కారుతూనే ఉంది. కొంగుతో తుడుచుకుంటే కొంగుకూ ఆ వాసనే. అత్తవారింటి గుమ్మంలో హారతి ఇచ్చాక, అత్తగారు నా జడ చేతిలోకి తీసుకుని మెచ్చుకోలుగా అన్నారు:

"నూనె ఎంత బాగుందమ్మాయ్! మీ ఊరి గానుగదేనా?"

చుట్టూ కొత్త మొహాలు. అందరూ నా గొంతు విందామని ఎదురు చూస్తున్నారు.

"ఆయ్," అన్నాను.

ఆ ఇంట్లో నేను పలికిన మొదటి మాట అదే.