లక్లే అడిగితే

ఈ ఉదయం మా ఊరు నువెల్ ఫ్రాన్స్‌లో, మా గుమ్మం ముందే సైకిల్ వెనక చక్రంలో గాలి పోయింది. గంటలో రోజ్ బెల్ బడిలో పాఠం మొదలుపెట్టాలి. అతుకు ముక్క, జిగురు, గాలిపంపు ఉన్నాయి. నట్లు విప్పే స్పానరు మాత్రం లేదు. నా భార్య పోయిన ఈ మూడు నెలల్లో అది కంటపడలేదు. విసుగెత్తి లోపలున్న అత్తగారిని కేకేశాను.

"అత్తమ్మా, లక్లే ఎక్కడ?"

మా దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్ భాషలో స్పానరూ లక్లేయే, తాళంచెవీ లక్లేయే. ఆవిడ కొంగుముడి విప్పి కూతురి పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆ పెట్టె ఇంతవరకు ఎవరూ తెరవలేదు.

"ఇది కాదమ్మా, సైకిల్‌ది!"

"ఇన్నాళ్లకు అడిగావనుకున్నా నాయనా. నువ్వే తియ్యి. నావల్ల కాదు."

తీశాను. చీరల మీదే ఉంది స్పానరు, పాత రవికగుడ్డలో చుట్టి. అడిగినవాళ్లందరికీ నేను ఇచ్చేస్తానని నా భార్యే దాచింది. దాచిన చోటు చెప్పి వెళ్లకూడదా!

బడికి ఆలస్యమైంది. మీ ఇళ్లలో స్పానరు ఎవరు దాస్తారో, ఎక్కడ దాస్తారో ఈ పూటే అడిగి ఉంచుకోండి.