అక్కకు పెట్టిన రోజు వచ్చిన వాసన

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా చెప్తే మర్యాదకు వింటాను, అంతే. అందుకే ఈ సంగతి ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు.

నేను జనగామలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. మూడేళ్ల కింద ముక్కు మూసుకుపోయి, లోపల పక్కులు కట్టి, నెత్తురు రావడం మొదలైంది. ముందు టీబీ అనుకున్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే సార్కాయిడోసిస్ అనే, లోపల చిన్న చిన్న గడ్డలు కట్టే జబ్బని తేలింది. స్టెరాయిడ్ మాత్రలు, స్ప్రే, రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం. ఊపిరి ఆడింది కానీ, జబ్బుతో పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు.

భర్త పోయిన మా అక్క నా దగ్గరే ఉండేది. రోజూ నీళ్లు మరిగించి, చల్లార్చి, ఉప్పు కలిపి ఇచ్చేది. మాత్రలకు నా మొహం ఉబ్బినప్పుడు అద్దం తీసి దాచింది. నిరుడు గుండెపోటుతో పోయింది.

గూడూరు దగ్గర ఆమె అత్తవారి ఊళ్లో మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తాం. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందంటారు. అన్నం, కోడికూర, గారెలు పెట్టాం. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి, దిగలేదు. గంట దాటింది. నమ్మకం లేకపోయినా, అక్కకు నా మీద కోపమేమోనని భయం పట్టుకుంది.

"బతికినన్ని దినాలు ఏం పెట్టినా తిన్నది మా వదిన. ఇప్పుడు వంకలు పెడుతున్నది" అన్నాడు ఆమె మరిది.

అప్పుడు వచ్చింది వాసన. ఎండు రొయ్యలు వేగుతున్న వాసన. రెండేళ్లలో నాకు తెలిసిన మొదటి వాసన అది. దగ్గర్లో పొయ్యి లేదు. ఎండు రొయ్యల వాసన వస్తోందా అని అక్కడున్నవాళ్లను అడిగితే తమకేమీ రావట్లేదన్నారు.

మా పెద్దమ్మ మాత్రం నన్నే చూస్తూ మెల్లగా చెప్పింది. "ఎండు రొయ్యలంటే దానికి పానం కొడుకా. నీకు వాసన పోయినకాడికెల్లి తినుడు బంద్ జేసింది. తమ్మునికి లేనిది నాకెందుకన్నది."

నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. గమనించలేదు.

పక్కింట్లో వేయించి ఇచ్చారు. నేనే దోసిట్లో తెచ్చి విస్తరిలో పెట్టాను. పది అడుగులు వెనక్కి రాకముందే కాకి దిగింది.

తర్వాత డాక్టర్‌ను అడిగాను. ఈ జబ్బులో వాసన కాసేపు వచ్చి పోవచ్చన్నాడు, లేని వాసన మెదడే పుట్టించవచ్చనీ అన్నాడు. కావచ్చు. కానీ ఆ రోజు, దోసిట్లో వేడిగా ఉన్న రొయ్యలను ముక్కుకు ఆనించి పీల్చి చూశాను. ఏ వాసనా రాలేదు. అంతకుముందు వచ్చింది ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.