ఆఖరి సంచిక

గల్ఫ్‌లో, హమ్రియా లేబర్ క్యాంపులో మా పక్క రూమ్ పెద్దాయనది కడప. పిల్లల పాత మాసపత్రికలు పోగుచేయడం ఆయన పిచ్చి. సెలవు మీద ఊరెళ్లే ప్రతివాణ్ణీ పచ్చళ్లు వద్దని, పాత సంచికలు తెమ్మని వేధించేవాడు. వాటిలోని సీరియల్ కథలే పుస్తకాలుగా దొరుకుతాయి కదా అంటే కసిరేవాడు.

"పుస్తకంలో అంతా మార్చేస్తారబ్బీ. నెలనెలా మొదట అచ్చయిందే అసలుది."

శుక్రవారం డ్యూటీ ఉండదు. బిర్యానీ తిన్నాక మాకు సీరియల్ కథలు చదివి వినిపించేవాడు. రాక్షసుడి బావిలో చిక్కిన రాకుమారి కథకు మాత్రం ఆఖరి సంచిక ఆయన దగ్గర లేదు. అందుకని ముగింపు తానే అల్లి చెప్పేవాడు. అందులో రాకుమారి రాక్షసుడికి వంట నేర్పి, తన కోటలో వంటవాడిగా పెట్టుకునేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఒకసారి సెలవులో, హైదరాబాద్ పాత పుస్తకాల అంగట్లో ఆ సంచిక నా కంటపడింది. తెచ్చి చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని, వాసన చూసి, గోడవైపు తిరిగి చదివాడు. రాకుమారుడెవరో వచ్చి రాక్షసుణ్ణి చంపేశాడట, అంతే.

పత్రికను పరుపు కిందకు తోసేశాడు.

"ఏం పెద్దాయనా, అసలుది కాదా?"

"అసలుదే. రాసిన ఆయప్పకే కథ సరిగా తెలీదు."

ఆ శుక్రవారం మా రాక్షసుడు బిర్యానీ కూడా నేర్చుకున్నాడు.