కుట్టుపిన్ని కత్తిరించిన బ్యానర్

బజారు చివర రేకుల షెడ్డులో మెషిను తొక్కే ఆమెను అందరూ కుట్టుపిన్ని అంటారు. రోడ్డు వెడల్పు కోసం బజారును కూలుస్తామన్న ప్రకటన వెలువడినప్పుడు దుకాణదారుల సంఘం పుట్టింది ఆ షెడ్డులోనే. అందుకు కారణం సిద్ధాంతపరమైనది కాదు. ఫ్యాను అక్కడ మాత్రమే ఉంది. షెడ్డు పోతే పిన్నికి మెషిను పెట్టుకునే చోటు లేదు. ఇల్లు ఒకటే గది, అందులో సగం తాళాలు బాగుచేసే భర్త సామానే.

సంఘం ఐక్యంగా ఉన్నది పిన్ని పొడవాటి బ్యానర్ కుట్టి ముగించేవరకే. నిరసనగా దుకాణాలు ఒక పూట మూయాలా, రోజంతా మూయాలా అన్న చర్చలో సంఘం రెండయింది. రోజంతా పక్షానికి ఆమె భర్త నాయకుడు. ఒంటిపూట పక్షానికి ఆమె తమ్ముడు, సైకిళ్లు బాగుచేసేవాడు. ఉభయ పక్షాలూ ప్రధాన శత్రువుగా గుర్తించింది రోడ్డును కాదు, ఎదుటి పక్షాన్ని.

"గుడ్డ మోసుకొచ్చింది నేను. బ్యానర్ మాది," అన్నాడు భర్త.

"మరి కర్రలు తెచ్చిందెవరు బావా?"

"అయితే ఆ కర్రలు పట్టుకుని ఊరేగు బావమరిదీ!"

చివరికి చెరి సగం అన్న ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. ఇద్దరూ టేపు చెరో కొస పట్టుకుని, వెంట్రుకవాసి తేడా రాకుండా కొలిచారు.

"చదివి చూశారా?" అంది పిన్ని.

"నువ్వు కత్తెర సంగతి చూడవే."

చూసింది.

మర్నాడు కూల్చివేతపై అభ్యంతరాలు వినే అధికారి విచారణకు రెండు ఊరేగింపులు వెళ్లాయి. ఆఫీసు గేటుకు ఒక పక్క భర్త మనుషులు 'మా బజారును' అన్న గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. మరో పక్క తమ్ముడి మనుషుల చేతుల్లో 'కూల్చవద్దు'. వాచ్‌మన్ అటూ ఇటూ చూశాడు.

"ఒక్క సంఘాన్నే పంపమన్నారు. మీలో పూర్తిగా ఉన్నదెవరు?"

వెనకే వచ్చిన పిన్ని సంచిలోంచి సూది తీసింది.

"ఇద్దరూ ఇలా రండి. గుడ్డ బిగించి పట్టుకోండి."

"అక్కా, ఇది రాజీ అవుతుందే!"

"టాకా అవుతుందిరా. కదలకు, గుచ్చుకుంటుంది."

భుజాలు రాసుకుంటే గాని గుడ్డ బిగియలేదు. చూసేవారికి అది ఐక్యతలాగే కనిపించింది. వాచ్‌మన్ గేటు తీశాడు.

రోడ్డును బజారు వెనకనుంచి వేసే వీలు పరిశీలిస్తామని, అంతవరకు కూల్చివేత ఆపుతున్నామని అధికారి చెప్పాడు. ఈ గెలుపు ఒంటిపూటదా, రోజంతాదా అన్న చర్చ తిరుగుదారిలోనే మొదలైంది. షెడ్డు చేరేసరికి బావా బావమరదులు ఒక్క గొంతుతో కత్తెర అడిగారు.

"సానకిచ్చాను," అంది పిన్ని, కాలితో కత్తెరను మెషిను కిందికి తోస్తూ. "ఇప్పట్లో రాదు."

తర్వాత కూర్చుని, ఆ టాకాల మీద రెండు వరసల మెషిను కుట్టు వేసింది.