గ్లూకోజు ఎక్కించిన కండ్లకలక

కండ్లకలక వస్తే మా వైపు ఎవరూ ఆసుపత్రికి పోరు. పక్కింట్లో బాలింత ఉంటే అడిగి రెండు చుక్కలు చనుబాలు వేయించుకుంటారు. నందివర్ధనం పూలు కండ్ల మీద పెట్టుకుని ఒక మూల పడుకుంటారు. బయటికి పోవాల్సొస్తే ఎవరివో నల్లద్దాలు అడిగి పెట్టుకుంటారు. వారం తిరిగేసరికి దానంతట అదే పోతుంది. ఈ మాత్రం లోకజ్ఞానం నాకూ ఉంది. అయినా నేను కండ్లకలకకు ఆసుపత్రిలో చేరాను, గ్లూకోజు కూడా ఎక్కించుకున్నాను. చెబితే విన్నవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. అప్పుడు నేను కుప్పంలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. మా అమ్మ సోమల పక్కనున్న మా ఊళ్ళో అన్నావదినల దగ్గర ఉండేది. ఆమె కండ్లకు పొర వచ్చేసింది. కుడి కన్ను పోయినట్టే లెక్క. ఎడమ కంటితో చూడాలన్నా, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గరికొస్తే గానీ మనిషెవరో తెలిసేది కాదు. ఆపరేషన్ అంటే మాత్రం వణికిపోయేది. "కంట్లో కత్తి పెట్టించుకునేంత పాపం నేనేం సేసినానప్పా" అనేది. ఏండ్ల తరబడి బతిమాలితే ఎట్టకేలకు ఒప్పుకుంది. అదీ ఒక షరతు మీద. నేనే దగ్గరుండి పిల్చుకుపోవాలి. అన్న పనికిరాడు, వదిన పనికిరాదు. పుంగనూరు బస్టాండులో నేను చెయ్యి పట్టుకుంటేనే ఆమె మదనపల్లె బస్సు ఎక్కుతుంది. మదనపల్లెలో కంటి డాక్టరు ఒక గురువారం రమ్మన్నాడు. ఈసారి తప్పిపోతే ఆమె మళ్ళీ ఒప్పుకోదని ఇంట్లో అందరికీ తెలుసు.

సరిగ్గా ఆ గురువారం ముందర నాకు కండ్లకలక తగులుకుంది.

ఫ్యాక్టరీలో అప్పటికే సగం మంది ఎర్రకండ్లతో తిరుగుతున్నారు. రాళ్ళు పాలిష్ పట్టేవాళ్ళ నుంచి మొదలై వాచ్‌మన్ దాకా వచ్చి, చివరికి ఆఫీసులో జొరబడింది. నా కండ్లు చూడగానే మా మేనేజరు కుర్చీ నాలుగడుగులు వెనక్కి జరుపుకుని, "ఇన్సూరెన్సు కార్డు ఇచ్చినాం గదా, యాల వాడుకోవు? మంచి ఆసుపత్రికి పోయి చూపించుకో" అన్నాడు. ఆ కార్డు కోసం నెలనెలా జీతంలో పట్టుకుంటున్నారు. ఇంతవరకూ దాని ముఖం చూసిన పాపాన పోలేదు. ఇంట్లో మా ఆవిడ, "రెండు చుక్కల మందు కొనుక్కుంటే పోయేదానికి ఆసుపత్రి దేనికి?" అంది. నా ఆలోచన వేరు. గురువారానికి కండ్లు తెల్లబడాలి, అమ్మను పిల్చుకుపోవాలి. అందుకు మంచి వైద్యం కావాలి. కార్డు జేబులో పెట్టుకుని ఊళ్ళోని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోముకు పోయాను.

అక్కడికి బెంగళూరు నుంచి రైల్లో ఒక కంటి డాక్టరు వచ్చిపోతుండేవాడు. చూశాడు, చుక్కల మందు రాశాడు. "ఇది చూస్తే రాదు, చేతుల వల్ల వస్తుంది. కండ్లు ముట్టుకుంటే చేతులు కడుక్కో. నీ టవలు ఎవరికీ ఇవ్వద్దు. ఎవరినీ దగ్గరికి రానియ్యద్దు" అని చెప్పి, రైలుకు టైమైందని లేచిపోయాడు. అంతే వైద్యం. అక్కడితో నేను ఇంటికొచ్చేసి ఉంటే ఈ కథే లేదు.

కౌంటరు దగ్గర కార్డు తీసిచ్చాను. కూర్చున్న అమ్మాయి దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "అడ్మిట్ అయితేనే వర్తిస్తుంది సార్" అంది.

"కండ్లకలకకు అడ్మిట్ ఏందమ్మా?"

"రూలు సార్. ఊరికే చూపించుకుని పోతే వాళ్ళియ్యరు. ఒక దినం బెడ్డు మీద ఉండాల."

"బెడ్డు మీద పడుకుని ఏం చేయాల?"

"ఏం చేయొద్దు సార్. పడుకోవడమే."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారే, అట్లా ఉంది. నా అరికాలి మంట నెత్తికెక్కింది. నెలనెలా నా జీతం తింటున్న కార్డు ఒక్కసారి పనికిరమ్మంటే ఇన్ని సాకులా? సరే, పడుకోమంటే పడుకుంటాను, చూస్తా మీ సంగతి అనుకుని చేరిపోయాను. పైగా డాక్టరే చెప్పాడు గదా, ఎవరినీ దగ్గరికి రానివ్వద్దని. ఇంట్లో కంటే ఆసుపత్రి గదిలోనే ఒంటరిగా ఉండొచ్చని లెక్క వేసుకున్నాను.

చేరిన కాసేపటికి నర్సు గ్లూకోజు సీసా తెచ్చి తగిలించింది. ఎందుకని అడిగితే, "చేరినాక ఏదో ఒక ట్రీట్‌మెంట్ రాయాల గదా సార్" అంది. కండ్ల మీద దూది పెట్టి పట్టీ కట్టింది. అట్లా చూపున్నవాణ్ణి కాస్తా గుడ్డివాణ్ణి చేసి, చేతికి సూది గుచ్చి పడుకోబెట్టారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు.

ఇంతలో మా ఊరి ఆడబిడ్డ ఒకామె, శాంతిపురానికి కోడలుగా వచ్చినామె, బిడ్డకు జ్వరమని అదే నర్సింగ్‌హోముకు వచ్చింది. వాకిట్లోంచి నన్ను చూసి గుండెలు బాదుకుంది. "నాకేం లేదు తల్లీ, ఉత్త కండ్లకలకే" అని పట్టీల కిందనుంచి అరిచాను. "అయ్యో పాపం, ధైర్యానికి అట్ల చెప్తాండాడు" అంటూ ఆమె నేరుగా ఎస్టీడీ బూతుకు పోయింది. మా ఊరి అంగట్లో ఉన్న ఫోనుకు కబురు చేరింది. నా రెండు కండ్లూ పోయాయట, గ్లూకోజు మీద ఉన్నానట.

ఇక పరామర్శలు మొదలయ్యాయి. మా వైపు పెండ్లికి రాకపోయినా ఓర్చుకుంటారు గానీ, ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాకపోతే ఆ మాట తరాల తరబడి ఉండిపోతుంది. ఇంట్లో కండ్లకలకతో పడుకుని ఉంటే కుక్క కూడా తొంగిచూడదు. బెడ్డెక్కితే మాత్రం రాక తప్పదు. కానీ కండ్లకలక ఉన్నవాణ్ణి చూస్తే తమకూ వస్తుందని భయం. రావాల, చూడకూడదు. దీనికి మావాళ్ళు కనిపెట్టిన ఉపాయమేమిటంటే, వచ్చినవాళ్ళంతా నా వైపు వీపు పెట్టి కూర్చోవడం.

పట్టీ పైకి జరుపుకుని చూస్తే నాకు కనిపించినవన్నీ వీపులే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గుంపు గోడకున్న క్యాలెండరును చూస్తూ, "ఎట్లుండాదన్నా?" అని దాన్నే అడిగింది. ఒకాయన కిటికీలోంచి వీధిని చూస్తూ నాకు ధైర్యం చెప్పాడు. ఇంకొకాయన నల్లద్దాలు పెట్టుకుని, అవి చాలవన్నట్టు కండ్లు కూడా మూసుకుని, వెనక్కి నడుస్తూ వచ్చి నా కాలు తొక్కాడు.

"చూస్తే రాదయ్యా, ముట్టుకుంటే వస్తుంది!" అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఎవరు వింటారు? మొహం చూడకుండా నా మంచం మీదే కూర్చున్నారు. మొహం చూడకుండా నా చెయ్యి పట్టుకుని ఓదార్చారు. నేను నీళ్ళు తాగిన లోటాతోనే నీళ్ళు తాగారు, నా టవలుతోనే మూతి తుడుచుకున్నారు. తెచ్చిన బ్రెడ్డు, నారింజపండ్లు చేతులు వెనక్కి చాపి నా మీద పెట్టిపోయారు. మరుసటి వారం వాళ్ళలో సగం మందికి కండ్లు ఎర్రబడితే, "ఆ పొద్దు పొరపాటున ఒక్కసారి నీ దిక్కు చూసినాలే" అని నాతోనే అన్నారు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

పొద్దు గూకేవేళకు గుమ్మం దగ్గర గోడ తడుముకుంటున్న చప్పుడైంది.

అమ్మ. ఒక్కతే వచ్చింది. కబురు వినగానే అన్న పొలం నుంచి వచ్చేదాకా కూడా ఆగలేదట. పక్కింటికి పోవడానికే గోడ పట్టుకుని నడిచే మనిషి పుంగనూరులో, పలమనేరులో బస్సులు మారి, ప్రతి బస్టాండులో ఎవరినో ఒకరిని అడుగుతూ కుప్పం చేరింది. గురువారం ఎంతో దూరం లేదు. లోకమంతా తగిలించుకున్నా ఫరవాలేదు గానీ, ఆమెకు మాత్రం ఇది తగలకూడదు.

"అమ్మా, దగ్గరికి రావద్దు! ఆడే ఉండు!" అని అరిచాను.

గదిలోని వీపులన్నీ ఉలిక్కిపడ్డాయి. ఆమె మాత్రం ఆగలేదు. మంచం పట్టె తడుముకుంటూ నా తల దాకా వచ్చింది. నా కండ్ల మీది పట్టీ ఊడదీసింది. అలవాటు ప్రకారం ముక్కుకు ముక్కు ఆనించి, అంత దగ్గర నుంచి నా ఎర్ర కండ్లలోకి చూసింది. ఆ పొద్దంతటిలో నా మొహం చూసిన మనిషి ఆమె ఒక్కతే. చూపు లేని మనిషి.

"ఏందప్పా, ఇంత రగతమా?" అంటూ చీర కొంగుతో నా కండ్లు ఒత్తింది. అదే కొంగుతో తన కండ్లు తుడుచుకుంది. సూది చేతిని కదిలించలేక, రెండో చేత్తో ఆమెను నెట్టలేక, పసిబిడ్డలా ఏడ్చేశాను.

"ఏడవద్దు నాయనా. నేనొక మాట సెప్తా ఇను. గురువారం నాకు ఆపరేషన్ వంతు ఉండాది గదా. అది నువ్వు సేయించుకో. నా బదులు నా కొడుకు వస్తాండాడని డాక్టరుకు నేనే సెప్తా. నాకెందుకప్పా సూపు? నేను సూడాల్సినవన్నీ సూసేసినా."

రేషను అంగడి వరసలో చోటిచ్చినట్టు ఆమె నాకు తన వంతు ఇచ్చేస్తోంది. నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. నేను కోపిష్టిని, కోపమే వచ్చింది. ఆ కార్డు మీద, ఆ రూలు మీద, ఆ సీసా మీద.

గురువారం నాటికి నా కండ్లు తేటబడ్డాయి. ఆమెవి చింతనిప్పుల్లా ఉన్నాయి. అయినా ఆశ చావక మదనపల్లెకు పిల్చుకుపోయాను. డాక్టరు టార్చి వేసి చూసి, "ఈ కండ్లతో ఆపరేషన్ చేయకూడదు. పూర్తిగా తగ్గినాక రండి" అని పంపేశాడు. ఆ మాటకు అమ్మ మొహం వెలిగిపోయింది.

ఎరుపు తగ్గింది, ఆమె మాత్రం కదల్లేదు. "నీ కండ్లు బాగయ్యేదాకా నేను సేయించుకోను" అంది.

"నావి బాగయిపోయినాయమ్మా."

"అబద్ధాలు సెప్పొద్దు. రోగం లేకుండా ఎవురన్నా గ్లూకోజు ఎక్కిస్తారా? బెడ్డు మీద పండబెడతారా? ఏదో పెద్ద రోగం ఉండాది. నా దగ్గర దాస్తాండావు."

ఇన్సూరెన్సు అంటే ఏమిటో, పడుకుంటే ఇచ్చి కూర్చుంటే ఎందుకివ్వరో ఆమెకు ఎన్ని రకాలుగా చెప్పానో. నాకే అర్థం కాని సంగతి ఆమెకెట్లా ఎక్కుతుంది? నేను ఊరికి పోయిన ప్రతిసారీ నా మొహం దగ్గరికి వచ్చి వెతికేది. పొర అడ్డమొచ్చి ఏమీ కనిపించేది కాదు, అనుమానం మాత్రం పెరిగేది. ఇంతలో ఒకరోజు పొయ్యి అని తెలియక కాలు పెట్టి పాదం కాల్చుకుంది. ఇంకొకరోజు పెరట్లో రోలు తట్టుకుని పడింది. వదిన నాకు ఫోన్ చేసి, "ఇట్లే ఉంటే ఒగ దినం బావిలో పడుతుంది" అని ఏడ్చింది.

ఆ రోజుల్లోనే ఇన్సూరెన్సు వాళ్ళ ఉత్తరం వచ్చింది. నర్సింగ్‌హోము ఖర్చు తాము ఇవ్వరట. పరిశీలించి చూస్తే, ఈ పేషెంటుకు ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బేమీ లేదని తమ డాక్టర్లు తేల్చారని ఇంగ్లీషులో రాశారు. చేరితేనే ఇస్తామన్నదీ వాళ్ళే, ఎందుకు చేరావన్నదీ వాళ్ళే! ఆ కోపంలో ఆఫీసులో ఎవరితో ఏం మాట్లాడానో నాకే తెలియదు. ఆదివారం ఊరికి పోయి అన్న ముందర ఆ ఉత్తరం పెట్టి, తెలుగులో చెబుతూ ఒక్కొక్క ముక్కకూ తిట్టడం మొదలుపెట్టాను.

గోడకానుకుని కూర్చున్న అమ్మ, "ఇంకోసారి సదువు" అంది.

చదివాను.

"ఎవురు రాసినారప్పా అది?"

"బెంగళూరు డాక్టర్లంట" అన్నాను చిరాగ్గా.

"నీకు రోగం లేదని కాగితం మీద రాసినారా?"

"రాసినారు. ముద్ర కూడా ఏసినారు."

"మరి అంత మంచి మాట రాస్తే వాళ్ళను యాల తిడతాండావు?" అంది. చెయ్యి చాపి ఉత్తరం తీసుకుంది, మడిచి రవికలో పెట్టుకుంది. దాని మీద పై అధికారులకు రాద్దామని నా ఉద్దేశం. ఎంత అడిగినా మళ్ళీ ఇవ్వలేదు. "నీకేం లేదు గదా. ఇంక పద మదనపల్లెకు" అంది.

ఆపరేషన్ మరునాడు అక్కడి నర్సు పట్టీ విప్పింది. కాసేపు రెప్పలు కొట్టుకుంటూ గది చూసింది, కిటికీ చూసింది. తర్వాత నన్ను పిలిచి ముందర నిలబెట్టుకుంది. ఈసారి ముక్కు ఆనించలేదు. చెయ్యి చాపి బొటనవేలితో నా కింది రెప్పను లాగి, ఒక కన్ను చూసింది, రెండో కన్ను కూడా చూసింది.

"ఎరుపు లేదు" అంది నర్సుతో. "ఆ కాగితంలో రాసింది నిజమేనమ్మా."