లెక్కల చిప్ ఉందని రాసిన భీమ్లా

భీమ్లా మంచివాడంటే నేనొప్పుకోను. చెడ్డవాడని ఎవరైనా అన్నా ఒళ్ళు మండుతుంది. బూర్గంపాడు దారిలో, అడవి అంచున ఒక చిన్న బ్లీచింగ్ పౌడర్ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ అతను కంప్యూటర్ మెకానిక్, నేను టైపిస్టును.

తొంభై రెండులో కొత్త కంప్యూటర్ వచ్చింది. దాని లోపల మూడు ఉత్తుత్తి కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ కూడా తెచ్చారు. క్లోరిన్ లీకైతే సైరన్ మోగించే మా పాత ప్రోగ్రాం వాటిలో ఒకదాంట్లో నడవాలి. దానికి ప్రాసెసర్ పక్కన లెక్కలు చేసే చిప్ ఉండాలి. భీమ్లా పరీక్ష పెడితే స్క్రీన్ మీద చిప్ ఉందనే వచ్చింది. కానీ రెండు సెకన్లలో మోగాల్సిన సైరన్‌కు యాభై సెకన్లు పట్టింది. అనుమానమొచ్చి మూత విప్పాడు. చిప్ ఉండాల్సిన చోటు ఖాళీ. లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించింది ఆ సాఫ్ట్‌వేరే.

ఇంజనీర్ వెంకటప్పయ్య గదికి పరుగెత్తాడు. నేనక్కడే ఉన్నాను.

“సార్, లోపలి ఉత్తుత్తి దాన్ని అడిగితే గట్లనే చెప్తది. అసలు చిప్పే లేదు. లీకైతే షెడ్డుల మనిషికి ఉరికే టైం దొరకదు.”

“స్క్రీన్ మీద ఉందనే వస్తోంది కదయ్యా. చిప్ తరవాత తెప్పిద్దాంలే. సోమవారమే ప్రారంభం. అంతా సరిగ్గా ఉందని రాసి సంతకం పెట్టు.”

పెట్టాడు. ఆ కాగితం టైపు చేసింది నేనే, నా సిగ్గు నాది. కాసేపటికి తమ్ముడు దస్రును నా దగ్గరికి లాక్కొచ్చాడు. దస్రుది క్లోరిన్ షెడ్డులో డ్యూటీ.

“మేడమ్, వీనికి జరమని వారం లీవు కొట్టుండ్రి.”

“నాకు జరమేందన్నా?”

“సప్పుడు చేయకు.”

అదీ నేనే కొట్టాను. ఎందుకో తెలిసే కొట్టాను.

సోమవారం కొబ్బరికాయ కొట్టారు. మంగళ, బుధవారాలు ఏమీ కాలేదు. భీమ్లా మాత్రం అన్నం డబ్బా మూత తీయలేదు, కిటికీలోంచి షెడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. చూసి ఏం లాభం? గురువారం పొద్దున పదింటికి వాల్వు పగిలింది. సైరన్ మోగేసరికే షెడ్డంతా పచ్చటి పొగ. దస్రు బదులు డ్యూటీ ఎక్కిన రెడ్యాది కూడా వాళ్ళ తండాయే. దవాఖానాకు చేరకముందే ప్రాణం పోయింది.

దినాలయ్యాక రెడ్యా భార్య పూలి వచ్చి భీమ్లా ముందు నిలబడింది. అందరికీ అర్థం కావాలనే కాబోలు, లంబాడీలో కాకుండా తెలుగులోనే అడిగింది.

“అన్నా, మిషన్ మంచిగున్నదని రాసిచ్చింది నువ్వేనంట గదా?”

“అవ్.”

“మంచిగ లేదని నీకు ముందే ఎర్కనా?”

“అవ్.”

“దస్రుకు చెప్పినవా?”

భీమ్లా తలెత్తలేదు. “చెప్పలే చెల్లే. లీవు పెట్టించిన.”